నిర్మానుష్యం అని రాసింది నేనే

ఆరేళ్ళ కిందట ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్ళొచ్చి ఒక యాత్రా వ్యాసం రాశాను. అందులో రెండో పేరా ఇలా మొదలవుతుంది: "వందల మైళ్ళ నిర్మానుష్యమైన ఎర్రమట్టి ఎడారి నడుమ, మొండి ధైర్యం ఒక్కటే పెట్టుబడిగా మార్గదర్శకులు కట్టుకున్న ఊరు." చదివినవాళ్ళు కళ్ళకు కట్టినట్టు రాశావన్నారు. నేనూ మురిసిపోయాను. పోయిన జూలైలో మళ్ళీ అదే ఊరు వెళ్ళాను. ఇప్పుడు నా గొడవ ఆ ఒక్క వాక్యంతోనే. అది నా ఒక్కడి వాక్యమే అయితే ఇంత రాయక్కర్లేదు, చెరిపేసుకుని ఊరుకునేవాణ్ణి. కానీ విదేశాల గురించి మనవాళ్ళు రాసే యాత్రల్లో అది మళ్ళీ మళ్ళీ కనిపిస్తూనే ఉంటుంది. ఎడారి పేరు మారుతుంది, విశేషణం మారదు.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి తీసుకెళ్ళిన టాక్సీ కుర్రాడు మనవాడే. ఖమ్మం జిల్లా. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని మాట కలిపాడు.

"అన్నా, పొద్దుగూకినంక నది దిక్కు పోకుండ్రి. తాగి ఉంటరు."

నది అంటే టాడ్ నది. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఉత్త ఇసుక. ఆ ఇసుకలో పడవలకి అడుగు తీసేసి, మోసుకుంటూ పరిగెత్తే పోటీలు 1962 నుంచీ జరుపుతున్నారు. ఒడ్డున పెద్ద పెద్ద తెల్లమాను యూకలిప్టస్ చెట్లు. వాటి నీడన నాలుగైదు గుంపులు కూర్చుని ఉన్నాయి. పిల్లలు, ముసలమ్మలు, రెండు కుక్కలు.

"మా దిక్కు కోయోళ్ళు గూడ గిట్లనే అన్నా. ఎంత జేసినా మారరు."

నేను "ఊఁ" అన్నాను. వాదించలేదు, ఆశ్చర్యపోలేదు. చిన్నప్పట్నుంచి వింటున్న మాటే కాబట్టి నోరు దానంతటదే "ఊఁ" అనేసింది.

మర్నాడు పొద్దున్నే ఊరికి ఉత్తరాన ఉన్న పాత టెలిగ్రాఫ్ స్టేషన్‌కి నడుచుకుంటూ వెళ్ళాను. ఆలిస్ స్ప్రింగ్స్ కథంతా అక్కడే మొదలైందని బోర్డులు చెబుతాయి. దక్షిణాన అడిలైడ్ నుంచి ఉత్తరాన డార్విన్ దాకా దాదాపు 3,200 కిలోమీటర్ల టెలిగ్రాఫ్ తీగ. 36 వేల స్తంభాలు. రెండేళ్ళలో పని పూర్తి చేసి 1872 ఆగస్టు 22న రెండు కొసల్నీ కలిపారు. దాన్ని నడిపించిన చార్లెస్ టాడ్ పేరు నదికి వచ్చింది, ఆయన భార్య ఆలిస్ పేరు నీటిచోటుకి వచ్చింది. నిజానికి అది 'స్ప్రింగ్' కూడా కాదు. ఊట అనుకుని పేరు పెట్టారు గానీ, అది నది పొంగినప్పుడు రాతిబండ మీద నిలిచే మడుగు. అసలు ఊరికి స్టువర్ట్ అని పేరుండేది. 1933లో ఆలిస్ స్ప్రింగ్స్ అయింది.

ఇదంతా నా పాత వ్యాసంలో ఉంది. లేనిదేమిటంటే, ఆ చోటుకి అప్పటికే ఒక పేరు ఉందన్న సంగతి. అరెర్న్ట జనం దాన్ని ఎంబాంటువా అంటారు. మధ్య ఆస్ట్రేలియాలో 30 వేల ఏళ్ళకు ముందు నుంచే మనుషులు ఉన్నారని పురావస్తు తవ్వకాలు చెబుతున్నాయి. 30 వేలు! మన శాతవాహనులు నిన్న మొన్నటివాళ్ళు. అన్నేళ్ళుగా కాపురం ఉన్న చోటుని పట్టుకుని నేను నిర్మానుష్యం అన్నాను. మాట ఒకసారి విడదీసి చూడండి: మనుషులు లేనిది. అరెర్న్ట వాళ్ళు మనుషుల లెక్కలోకి రాలేదన్నమాట.

ఇంగ్లీషు చట్టంలో దీనికి లాటిన్ పేరుంది. టెర్రా నలియస్, ఎవరికీ చెందని నేల. ఆ ఊహని ఆస్ట్రేలియా హైకోర్టు కొట్టేసింది 1992లో, మాబో కేసులో. ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి పరిధిలోనే కొన్ని చోట్ల అరెర్న్ట జనానికి నేటివ్ టైటిల్ ఉందని 2000లో ఫెడరల్ కోర్టు తీర్పు వచ్చింది. కోర్టులు వదిలేసిన మాటని నేను తెలుగులోకి తెచ్చి, విశేషణంగా వాడి, మెప్పు పొందాను.

ఇక 'మార్గదర్శకులు'. పయొనీర్ అన్న మాటకి మనకి టక్కున తోచే అనువాదం అదే. దారి చూపినవాడు. ఎవరికి చూపాడు? జాన్ మెక్‌డువల్ స్టువర్ట్ 1860లో ఖండం మధ్యకి చేరాడు, 1862లో ఉత్తర తీరం దాకా వెళ్ళాడు. గట్టిమనిషే, కాదనను. కానీ ఎడారిలో దారి అంటే ఒక నీటిచోటు నుంచి ఇంకో నీటిచోటుకి నడవడమే. ఆ నీళ్ళు ఎక్కడున్నాయో అక్కడి జనానికి తెలియని రోజు లేదు. తీగ కూడా ఆ నీళ్ళని పట్టుకునే వెళ్ళింది. నీటిమడుగు పక్కన స్టేషన్ కట్టారు, పశువుల్ని తోలారు. తాగే నీళ్ళ దగ్గరికి రావాలంటే అరెర్న్ట వాళ్ళు కొత్తవాళ్ళ మొహం చూడాల్సిన పరిస్థితి వచ్చింది.

అదంతా చప్పుడు లేకుండా జరగలేదు. ఇంకా ఉత్తరాన బారో క్రీక్ టెలిగ్రాఫ్ స్టేషన్ మీద 1874లో కైటిజ్ మనుషులు దాడి చేశారు. ఇద్దరు ఉద్యోగులు చనిపోయారు. ఆ తర్వాత గుర్రాల మీద బయల్దేరిన దళాలు దొరికినవాళ్ళని దొరికినట్టు కాల్చాయి. చనిపోయిన ఆ ఇద్దరు ఉద్యోగుల పేర్లూ రికార్డుల్లో ఉన్నాయి. కైటిజ్ వాళ్ళకి సరైన లెక్క కూడా లేదు. 1928లో, అంటే మన తాతల కాలంలో, కోనిస్టన్ దగ్గర ఒక తెల్లవాడి హత్యకి బదులుగా పోలీసు దళం వారాల తరబడి తిరిగి చంపింది. ప్రభుత్వ లెక్క 31. అక్కడి కుటుంబాలు చెప్పే లెక్క ఇంకా చాలా ఎక్కువ. విచారణ జరిపి, కాల్పులన్నీ సమంజసమే అన్నారు. నిర్మానుష్యమైన చోట ఎవర్ని చంపడానికి వారాల తరబడి తిరిగారు? ఈ ప్రశ్న ఆరేళ్ళ కిందట నాకు తట్టలేదు.

ఎందుకు తట్టలేదో ఆ మడుగు ఒడ్డున కూర్చున్నప్పుడు కొంచెం అర్థమైంది. అలాంటి కథ నేను మా ఇంట్లోనే విని పెరిగాను.

మా తాతయ్య 1950ల్లో కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండి మీద ఖమ్మం ఏజెన్సీ వైపు వెళ్ళాడు. పులులు తిరిగే అడవి, మనిషన్నవాడు లేడు, ఒక్కడే అడవి కొట్టాడు, కుంట తవ్వాడు, బంగారం పండించాడు. ప్రతి సంక్రాంతికీ ఈ కథ వినేవాళ్ళం. మా ఇంటి మార్గదర్శకుడు ఆయన. విచిత్రమేమిటంటే అదే కథలో కోయ పాలేరు ఉంటాడు, కంప నరికిన కోయ కూలీలు ఉంటారు, పాము కరిస్తే పసరు పోసిన కోయ ముసలావిడ ఉంటుంది. మనిషన్నవాడు లేని కథలో ఇంతమంది మనుషులు! వినే మాకెవరికీ తేడా కొట్టలేదు. 1/70 చట్టం మాట వస్తే మాత్రం పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు.

ఆ చట్టం చాలా సూటైనది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చినదే అనుకోవాలంటుంది. అంటే అక్కడ మనుషులున్నారు అన్న దగ్గర మొదలవుతుంది. నిర్మానుష్యం అన్న మాటకి పూర్తిగా అటువైపున నిలబడిన చట్టం అది. మన దగ్గర అలాంటి చట్టం 1970 నుంచీ ఉంది. అమలు సంగతి వేరే వ్యాసం. కానీ మన ఊహలోకి, మన వాక్యాల్లోకి అది ఇప్పటికీ దిగలేదు. అందుకే కృష్ణా జిల్లా నుంచి ఏజెన్సీకి వెళ్ళినవాడి మనవడు ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్ళగానే, ఏ తటపటాయింపూ లేకుండా, తీగ లాగినవాళ్ళ పక్షాన చేరిపోయాడు.

ఇంకో సంగతి. ఊరూ వాడా అంటే ఏమిటో తెలుగువాడికి ఎవరూ వివరించక్కర్లేదు. ఆలిస్ స్ప్రింగ్స్‌ని 1928లో ఆదివాసులకి నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించారు. పనికి రావచ్చు, పొద్దుపోతే బయటికి పోవాలి. 1960ల దాకా అది నడిచింది. ఆల్బర్ట్ నమచ్చిర పేరు విన్నారా? 1902లో హెర్మన్స్‌బర్గ్ మిషన్‌లో పుట్టిన అరెర్న్ట చిత్రకారుడు. ఆ కొండల్నీ తెల్లమాను చెట్లనీ నీటిరంగుల్లో వేస్తే దేశమంతా కొనుక్కుని గోడలకి తగిలించుకుంది. ఆయన ఆలిస్ స్ప్రింగ్స్‌లో స్థలం తీసుకుని ఇల్లు కట్టుకుంటానంటే కుదరదన్నారు. బొమ్మ ఊళ్ళో ఉండొచ్చు, బొమ్మ వేసినవాడు ఊరి బయట ఉండాలి. 1957లో ఆయనకి పౌరసత్వపు హక్కులు 'ఇచ్చారు'. దాంతోపాటు మందు కొనే హక్కూ వచ్చింది. తన చుట్టాలతో పంచుకున్నందుకు 1958లో శిక్ష వేశారు. 1959లో చనిపోయాడు.

టెలిగ్రాఫ్ స్టేషన్ రాతి భవనాల గురించి నా పాత వ్యాసంలో "ఎంత ప్రశాంతంగా ఉన్నాయో" అని ఉంది. 1932లో టెలిగ్రాఫ్ పని అక్కణ్ణుంచి తీసేశాక, 1942 దాకా అక్కడే 'బంగళా' అనే సంస్థ నడిచింది. ఆదివాసీ తల్లులకీ తెల్ల తండ్రులకీ పుట్టిన పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకొచ్చి పెట్టిన చోటు. బోర్డు మీద అదీ రాసే ఉంది. ఆరేళ్ళ కిందట కూడా ఉండే ఉంటుంది. నేనే దాని ముందు నుంచి ఫోటో కోసం పక్కకి జరిగి ఉంటాను.

ఇప్పుడు కొండల దగ్గరికి వద్దాం. ఊరికి అటూ ఇటూ సాగే కొండల వరసని మ్యాప్‌లో మెక్‌డొనెల్ రేంజెస్ అంటారు. అరెర్న్ట వాళ్ళకి ఆ చుట్టుపక్కల కొండలు గొంగళిపురుగు పూర్వీకుల దేహాలు. ఈ నేలని అవే చేశాయి. అంతవరకు వాళ్ళు అందరికీ చెబుతారు, లోపలి కథ చెప్పరు. అడగడం మర్యాద కాదు కూడా. నా పాత వ్యాసంలో దీన్ని "అమాయకమైన ఆదిమ విశ్వాసం" అన్నాను. అయ్యా, మన శేషాచలం సంగతి? తిరుమల దగ్గర పడగ, అహోబిలం దగ్గర నడుము, శ్రీశైలం దగ్గర తోక. కొండల వరస మొత్తం ఆదిశేషుడే అని చెప్పుకుంటే అది స్థలపురాణం. వాళ్ళు చెబితే ఆదిమ విశ్వాసం. 1980ల మొదట్లో ఊళ్ళో రోడ్డు వేయడానికి ఒక గొంగళిపురుగు తోకని, అంటే ఒక గుట్ట కొసని, అరెర్న్ట పెద్దలు వద్దంటున్నా తవ్వేశారు. ఆ రోడ్డుకి అసలు పేరు బ్యారెట్ డ్రైవ్. జనం పెట్టిన పేరు 'మాట తప్పిన రోడ్డు'. ఏడుకొండల్లో ఒకదాని కొస చెక్కేస్తామంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

సాహిత్యం చదివేవాళ్ళం కాబట్టి ఒక అనువాదం గురించి కూడా మాట్లాడుకోవాలి. 'డ్రీమ్‌టైమ్' అనే మాటని మనవాళ్ళు స్వప్నకాలం అని రాస్తుంటారు. నేనూ రాశాను. దాని వెనక ఉన్న అరెర్న్ట మాట అల్చెర. దానికి ఇంగ్లీషులో కలతో ముడిపెట్టిన మాటని 1896లో అచ్చులోకి ఎక్కించిన ఫ్రాంక్ గిల్లెన్ ఎవరో కాదు, ఇదే టెలిగ్రాఫ్ స్టేషన్ అధికారి. ఆయనా బాల్డ్విన్ స్పెన్సరూ కలిసి 1899లో తెచ్చిన పుస్తకాన్ని ఫ్రాయిడ్, దుర్ఖైమ్ లాంటివాళ్ళు ఇక్కడికి రాకుండానే వాడుకున్నారు. అల్చెరలో సృష్టి ఉంది, నేల ఉంది, ఎవరు ఎవర్ని పెళ్ళాడొచ్చు, ఏ నీటిచోటుకి ఎవరు బాధ్యులు అన్న ధర్మం ఉంది. అది అయిపోయిన కాలం కూడా కాదు, ఇవాళా నడుస్తున్నది. స్వప్నం అనగానే అదంతా కల అయిపోతుంది. కల ఆధారంగా భూమి నాదంటే ఏ తహసీల్దారు వింటాడు? అనువాదంలోనే కేసు పోయింది. మార్గరెట్ కెమర్ర టర్నర్ అనే అరెర్న్ట పెద్దావిడ తమ జీవితం గురించి తన మాటల్లో చెప్పిన పుస్తకం 2010లో ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే అచ్చయింది. అలెక్సిస్ రైట్ 'ట్రాకర్' చదవండి. పసితనంలో ఇదే ప్రాంతం నుంచి తీసుకుపోబడ్డ ఒక అరెర్న్ట నాయకుడి జీవితాన్ని ఎన్నో గొంతులతో చెప్పించిన పుస్తకం. మాటలు అక్కణ్ణుంచి తెచ్చుకోవచ్చు. గిల్లెన్ నుంచే తెచ్చుకోవాలని ఏముంది?

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే వచ్చాయి.

మొదటిది: "మనమూ బ్రిటిష్ వాళ్ళ కింద నలిగినవాళ్ళమే కదా, మనల్ని వాళ్ళ పక్కన నిలబెడతావేంటి?" నిజమే, నలిగాం. ఆ తీగ డార్విన్ నుంచి సముద్రం కింద జావాకి, సింగపూర్‌కి, అక్కణ్ణుంచి మద్రాసుకి, బొంబాయికి, చివరికి లండన్‌కి వెళ్ళేది. మనల్నీ వాళ్ళనీ ఒకే తీగ మీద ఏలారు. ఆ ఎడారిలో సామాను మోసిన ఒంటెల్ని, వాటిని తోలేవాళ్ళని కరాచీ రేవు నుంచి తీసుకెళ్ళారు. బలూచీలు, పంజాబీలు, పఠాన్లు, అందర్నీ కలిపి 'ఆఫ్ఘన్లు' అన్నారు. వాళ్ళ పేరు మీదే ఇప్పుడు ఖరీదైన రైలు నడుస్తోంది. 1901లో తెల్లవాళ్ళ ఆస్ట్రేలియా చట్టం వచ్చాక వాళ్ళకి పౌరసత్వం ఇవ్వలేదు. చాలామంది ఆదివాసీ ఆడవాళ్ళని పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయారు. కానీ మనం ఆ ఒంటెల వెనక రాలేదు. స్కిల్డ్ వీసా మీద వచ్చాం. నేను పౌరసత్వ ప్రమాణం చేసి, జాతీయ గీతం పాడి, ఫోటో దిగి వచ్చినవాణ్ణి. నలిగిన తాతల్ని చూపించి నా ఇప్పటి ఇంటి స్థలం గురించి మాట్లాడకుండా తప్పించుకోలేను.

రెండోది గట్టిది: "అక్కడ నేరాలు నిజం, తాగుడు నిజం, భయం నిజం. మెల్బోర్న్‌లో కూర్చుని నీతులు చెప్పకు." ఒప్పుకుంటాను. ఆ టాక్సీ కుర్రాడి కారు అద్దం రెండుసార్లు పగిలిందట. రాత్రి షిఫ్టు ముగించుకుని నడిచొచ్చే మన నర్సులకి భయం ఉంటుంది. తాగుడు వల్ల అందరికంటే ఎక్కువ దెబ్బ తింటున్నది ఆదివాసీ ఆడవాళ్ళూ పిల్లలే. మందు మీద ఆంక్షలు పెట్టమని ఏళ్ళ తరబడి అడిగినవాళ్ళలోనూ వాళ్ళున్నారు. ఇది దాచి రాస్తే అదీ అబద్ధమే. నేనంటున్నది ఒకటే. రాత్రి అద్దం పగలడం కళ్ళారా చూశాం కాబట్టి రాస్తాం, మడుగు పక్కన స్టేషన్ కట్టడం చూడలేదు కాబట్టి దాన్ని ధైర్యసాహసాల ఖాతాలో వేస్తాం. "ఎంత చేసినా మారరు" అనే ముందు, చేసింది ఏమిటో ఒక జాబితా రాసి చూడాలి. నీళ్ళు, పిల్లలు, ఊళ్ళోకి రానివ్వకపోవడం. ఆ పైన మిగతావి.

ఇంత చెప్పాక, మరి స్టువర్ట్‌నీ టాడ్‌నీ తిట్టిపోయాలా? మా తాతయ్య ఫోటో గోడ మీంచి తీసెయ్యాలా? దీనికి నాకు దొరికిన జవాబు ఊరికి పడమరగా ఉన్న ఒక సమాధి దగ్గర ఉంది. జాన్ ఫ్లిన్ అనే పాస్టర్‌ది. ఎడారిలో డాక్టరు లేక చచ్చిపోతున్న మనుషుల కోసం 1928లో విమానాల్లో వైద్యం మొదలుపెట్టిన మనిషి. గొప్ప పని, ఇప్పటికీ నడుస్తోంది. 1951లో చనిపోతే, ఆయన సమాధి మీద పెట్టడానికి దాదాపు 400 కిలోమీటర్ల ఉత్తరాన కార్లు కార్లు అనే చోటు నుంచి ఒక పెద్ద గుండు తెచ్చి పెట్టారు. అది అక్కడి జనానికి పవిత్రమైన చోటు. ఎవర్నీ అడగలేదు. ఆ రాయిని తిరిగి ఇమ్మని వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు. 1999లో దాన్ని వెనక్కి తీసుకెళ్ళి పెట్టారు. సమాధి ఖాళీగా ఉండకూడదని అరెర్న్ట వాళ్ళు తమ నేల నుంచి ఇంకో రాయి ఇచ్చారు. ఇప్పుడు ఫ్లిన్ మీద ఉన్నది అడిగి తీసుకున్న రాయి.

ఆయన మంచితనం అప్పుడూ తగ్గలేదు, ఇప్పుడూ తగ్గలేదు. రాయి మాత్రం తప్పుడు రాయి, అందుకని మార్చారు. అంతే కదా అడుగుతున్నది!

ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. ఆ కుంట నిజంగా తాతయ్యే తవ్వాడా అని అడిగాను.

"తవ్వడమేంట్రా, కుంట ముందే ఉండేది. తాతయ్య గట్టు పోయించాడు."

"దానికి వాళ్ళు ఏమని పేరు పెట్టుకున్నారు నాన్నా?"

కాసేపు ఆగాడు. "ఏదో ఉండేదిరా. మేం కొత్తకుంట అనేవాళ్ళం."

వాళ్ళ పాత కుంట మాకు కొత్తకుంట. ఆలిస్ స్ప్రింగ్స్ అన్న పేరు కూడా సరిగ్గా ఇలాగే వచ్చింది.

కాబట్టి విదేశాలు తిరిగి రాసే మిత్రులకి, ముందు నాకు నేను, చెప్పేది ఇది. ఏ ఎడారికైనా వెళ్ళండి, రాయండి, ఫోటోలు పెట్టండి. 'కనుగొన్నాడు' అని రాసేముందు అక్కడివాళ్ళు దాన్ని ఎప్పుడు పోగొట్టుకున్నారో చూడండి. చోటుకున్న మొదటి పేరు ఏమిటో కనుక్కుని రాయండి, పలకడం కష్టమైనా సరే. మీకు చెప్పని కథ జోలికి వెళ్ళకండి. నిర్మానుష్యం అన్న మాటని మాత్రం మనిషి కాలు పెట్టని చంద్రమండలపు అవతలి వైపు కోసం దాచుకోండి.

నా పాత వ్యాసాన్ని తీసెయ్యడం లేదు. ఆ వాక్యాన్ని అలాగే ఉంచి, దాని కింద ఈ వ్యాసాన్ని జతచేయమని సంపాదకుల్ని అడిగాను. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ కుంట పేరు అడగడానికి ఏజెన్సీకి వెళ్ళాలి. తెలిసినవాళ్ళు ఎవరైనా మిగిలే ఉంటారు. అక్కడ మనుషులున్నారు.